సార్జెంటు దాకా కాలం, ఆ పైన పోటీ

(కోనసీమలోని ఒక గ్రంథాలయ సభలో ఇంటర్మీడియట్ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఎదుట వైమానిక దళ విశ్రాంత వారెంట్ ఆఫీసరు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న మాస్టార్లకు, వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డ తండ్రులకు కూడా. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయండీ, వచ్చి కూర్చోండి. నేను త్వరగా ముగించే మనిషిని కాను.

సెలవు మీద ఊరికి వచ్చినప్పుడల్లా కాలువ గట్టు మీద ఎదురైన పెద్దమనుషులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏమోయ్, విమానం నడుపుతున్నావా?" కాదండీ అంటే పాపం, ఆయనకే చిన్నతనంగా ఉండేది. పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో మా మధ్యవర్తి తెలివైనవాడు. "అబ్బాయి ఎయిర్‌ఫోర్స్" అని అక్కడితో ఆపేసేవాడు. మిగతాది అవతలివాళ్ళు ఊహించుకునేవారు. (నవ్వులు)

కాబట్టి మొదటే తేల్చుకుందాం. విమానం నడిపేవారు అధికారులు. ఆ దారి వేరు: ఎన్‌డీఏ, సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ పరీక్షలు, ఆ తర్వాత సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూలు. టీవీలో దుండిగల్ అకాడమీ కవాతు చూపిస్తారే, అది వాళ్ళది. నేను చెప్పబోయేది ఎయిర్‌మెన్ గురించి, అంటే అధికారుల కింది శ్రేణుల్లో పనిచేసేవారి గురించి. వాళ్ళ కవాతు కర్ణాటకలోని బెలగావిలో, సాంబ్రా శిక్షణ కేంద్రంలో జరుగుతుంది. దాన్ని టీవీలో ఎవరూ అంతగా చూపించరు. కానీ ఈ దేశంలో వైమానిక దళం పుట్టినప్పుడే ఎయిర్‌మెన్ పుట్టారు. 1932 అక్టోబరు 8న దళం ఏర్పడింది. మరుసటి ఏడు ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది. అప్పుడున్నవి నాలుగు వాపిటి విమానాలు, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది అధికారులు, 19 మంది హవాయ్ సిపాయిలు. ఆ హవాయ్ సిపాయిల వరసలోని వాళ్ళమే మేమంతా.

ఇక హోదాల సంగతి. మన జిల్లాల్లో సైన్యం భాష తెలిసినవారు తక్కువేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో ఎవరినైనా అడగండి, నాయక్ అంటే ఎవరో, సుబేదారు అంటే ఎవరో చిన్న పిల్లలు కూడా చెబుతారు. అందుకని దాంతోనే పోల్చి చెబుతాను. అందరికంటే కింద ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, అంటే ఏసీ. ఆ పైన లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, ఎల్ఏసీ. చేతి మీద చిన్న ప్రొపెల్లరు గుర్తు ఉంటుంది. ఆ తర్వాత కార్పొరల్, రెండు పట్టీలు. సైన్యంలో నాయక్‌తో సమానం. మూడు పట్టీలైతే సార్జెంటు, అక్కడి హవల్దారు. ఆ మీదట జూనియర్ వారెంట్ ఆఫీసరు, వారెంట్ ఆఫీసరు, మాస్టర్ వారెంట్ ఆఫీసరు. ఈ ముగ్గురూ వరసగా నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదారు మేజరులకు సాటి. స్టేషన్‌లో కుర్రవాళ్ళు "వారెంట్ సాబ్", "మాస్టర్ సాబ్" అని పిలుస్తారు. ఒకప్పుడు ఫ్లైట్ సార్జెంటు అనే హోదా కూడా ఉండేది. మా సీనియర్లు ఆ మాట తలచుకుని మురిసిపోయేవారు. ఇప్పుడది లేదు.

మొత్తం ఏడు మెట్లు. అయితే ఈ ఏడింటినీ ఒకే నిచ్చెన అనుకుంటేనే తప్పుదారి పడతాం. ఇందులో రెండు రకాల ఎక్కడం ఉంది. సార్జెంటు దాకా ముఖ్యంగా సర్వీసు కాలం మనల్ని ఎక్కిస్తుంది. పరీక్షలు పాసవ్వాలి, ప్రవర్తన బాగుండాలి. అవి ఉంటే, ఏళ్ళు నిండితే, పట్టీ వస్తుంది. మన కాలువల మీద లాకులు చూశారుగా. కాటన్ దొర ఆనకట్ట కట్టాక ఈ కాలువల్లో పడవలు తిరిగే రోజుల్లో, లాకులోకి వచ్చిన పడవను ఎవరు ఎంత బలంగా తెడ్డు వేసినా పైకి తీసుకెళ్ళలేకపోయేవారు. నీళ్ళు నిండాలి, మట్టం సమానం కావాలి, అప్పుడు తలుపు తెరవాలి. ఎల్ఏసీ నుంచి సార్జెంటు దాకా జరిగేది సరిగ్గా అదే. తొందరపడి లాభం లేదు. సార్జెంటు పట్టీలు వచ్చేసరికి ఎలాగూ పదేళ్ళు దాటిపోతాయి.

జూనియర్ వారెంట్ ఆఫీసరు దగ్గర కథ మారుతుంది. అక్కడ ఖాళీలు ఉండాలి, అవీ మన ట్రేడులో, అంటే మనకిచ్చిన పని విభాగంలో ఉండాలి. ప్రమోషన్ పరీక్ష పాసై ఉండాలి. ఏడాదికోసారి పైవాళ్ళు రాసే రిపోర్టులు చూస్తారు, ఆరోగ్యం చూస్తారు, శిక్షల చిట్టా చూస్తారు. రెడ్ ఇంక్, బ్లాక్ ఇంక్ ఎంట్రీలని రెండు రకాలున్నాయి మాకు. పెద్ద తప్పుకు ఎర్ర సిరా, చిన్న తప్పుకు నల్ల సిరా. ఇరవై ఏళ్ళ వయసులో సెలవు ముగిశాక రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళి తెచ్చుకున్న ఎంట్రీ, నలభైకి దగ్గరపడ్డాక ప్రమోషన్ ప్యానెల్ ముందు మళ్ళీ పలకరిస్తుంది. సంక్రాంతికి కోడిపందేల కోసం సెలవు పొడిగించుకుందామనుకునేవారు ఇది కాస్త మనసులో పెట్టుకోండి. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, మన వైపు కుర్రవాళ్ళ ఎంట్రీల్లో జనవరి నెలవి ఎక్కువ.

ట్రేడును బట్టి ఖాళీలు అన్నాను కదా, దాని ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఒకే రోజు బెలగావిలో అడుగుపెట్టిన ఇద్దరు మిత్రులు. ఒకరిది ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు, అంటే విమానం బాడీ చూసుకునే పని, ఇంకొకరిది వేరే ట్రేడు. ఒకరు వారెంట్ ఆఫీసరైతే, రెండోవారు సార్జెంటుగానే పెట్టె సర్దుకోవచ్చు. తెలివిలో తేడా ఏమీ లేదు. ఒకరి ట్రేడులో పైవాళ్ళు రిటైరయ్యారు, ఇంకొకరి ట్రేడులో కాలేదు. ఈ మాట మీకు ఏ కోచింగ్ సెంటరువారూ చెప్పరు, వాళ్ళకు గోడ మీద ఫోటోలు అతికించడంతోనే సరిపోతుంది.

మరి ప్రమోషన్ రాకపోతే జీతం ఆగిపోతుందా అంటే ఆగదు. 8, 16, 24 ఏళ్ళ సర్వీసుకు ఆర్థిక ఉన్నతి పథకం కింద తర్వాతి స్థాయి జీతం ఇస్తారు. ఏడో వేతన సంఘం లెక్క ప్రకారం ఎల్ఏసీ మూల వేతనం 21,700 దగ్గర మొదలవుతుంది. కార్పొరల్‌కు 25,500, సార్జెంటుకు 29,200, జూనియర్ వారెంట్‌కు 35,400, వారెంట్‌కు 44,900, మాస్టర్ వారెంట్‌కు 47,600. దీని మీద అందరికీ సమానంగా 5,200 మిలిటరీ సర్వీస్ పే, కరువు భత్యం, మిగతావి. డబ్బు గురించి ఇంతకంటే చెప్పను. ఎంత వస్తుందో అడిగేవారికి కాగితంలో దొరుకుతుంది.

కాగితంలో దొరకనిది ఒకటి చెబుతాను. హోదా అంటే ఏమిటో నాకు తెలిసింది ఒక రాత్రి హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపే షెడ్డులో.

విమానానికి ఒక పుస్తకం ఉంటుంది, ఎఫ్ 700 అంటాం. ఎగరకముందు ఒక తనిఖీ, దిగి మళ్ళీ ఎగిరేలోపు ఒకటి, ఆ రోజుకు చివరిసారి దిగాక ఇంకొకటి. ఎయిర్‌ఫ్రేమ్ మనిషి, ఇంజిన్ మనిషి, ఎలక్ట్రికల్ మనిషి, రేడియో మనిషి, ఆయుధాల మనిషి, ఎవరి భాగం వారు చూసి ఆ పుస్తకంలో సంతకం పెడతారు. పైలట్ వచ్చి ఆ సంతకాలు చూసి, తన సంతకం కింద పెట్టి, విమానం తీసుకుంటాడు. ఆయన స్క్వాడ్రన్ లీడరు కావచ్చు, వింగ్ కమాండరు కావచ్చు. ఆయన నమ్మేది మాత్రం ఎక్కడో పల్లె నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ కార్పొరల్ సంతకాన్ని.

ఆ రాత్రి పని ముగించి పనిముట్లు సర్దుతున్నాం. పనిముట్ల బోర్డు మీద ప్రతి స్పానరుకూ, ప్రతి స్క్రూడ్రైవరుకూ దాని ఆకారంలోనే రంగు వేసి ఉంటుంది. ఏది లేకపోయినా ఆ ఖాళీ ఎదురుగా కనిపిస్తుంది. ఒక చిన్న స్పానరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. బయట కొంటే కూరగాయల ఖర్చంత కూడా కాదు. కానీ అది విమానంలో ఎక్కడైనా మిగిలిపోయి, గాలిలో దొర్లి, కంట్రోలు రాడ్ల మధ్య ఇరుక్కుంటే పైలట్ కర్ర లాగినా కదలదు. కాబట్టి అది దొరికేదాకా ఆ విమానం ఎగరదు. ఇది అందరికీ తెలిసిన నియమమే.

నేను చెప్పదలచుకున్నది మా సార్జెంటు చేసిన పని గురించి. ఆ స్పానరు తీసుకున్న కుర్రవాడు ఎల్ఏసీ, కొత్తవాడు. వణికిపోతున్నాడు. సార్జెంటు అతన్ని ఒక్క మాట అనలేదు. పక్కకు తీసుకెళ్ళి, మధ్యాహ్నం నుంచి ఏ ప్యానెల్ తెరిచాడో, ఏ చేతితో ఏది పట్టుకున్నాడో, మధ్యలో టీ ఎక్కడ తాగాడో వరసగా చెప్పించాడు. మిగతా మేమంతా టార్చిలైట్లు పట్టుకుని ఇంజిన్ గాలి తీసుకునే గొట్టంలోకి ఒకరం, చక్రాల అరలోకి ఒకరం దూరాం. మెస్ మూసేశారు, ఎవరికీ భోజనం లేదు. అర్ధరాత్రి దాటాక దొరికింది. కాక్‌పిట్‌లో సీటు పట్టాకూ పక్క గోడకూ మధ్య సందులో, నిలువుగా నిలబడి ఉంది. పైనుంచి టార్చి వేస్తే కనిపించదు. అద్దం పెట్టి చూస్తేనే కనిపించింది.

మరునాడు మాలో ఒకరు అడిగారు, "సార్, వాడిని ఎందుకు తిట్టలేదు?" ఆయన అన్నది, "ఈ రోజు తిడితే రేపు వాడు పనిముట్టు పోయిందని చెప్పడు. పక్క బోర్డు నుంచి ఇంకొకటి తెచ్చి తగిలిస్తాడు." మూడు పట్టీలతో పాటు ఆయన చేతికి వచ్చిన అధికారం అది, తిట్టగలిగీ తిట్టకపోవడం. ఆ కుర్రవాడికి చిన్న శిక్ష పడింది, అది వేరే సంగతి. నియమం నియమమే.

నేలమీద పనే కాదు, ఎయిర్‌మెన్‌లో ఎగిరేవారూ ఉన్నారు. ఫ్లైట్ ఇంజనీరు, ఫ్లైట్ గన్నరు, సరుకు విమానాల్లో లోడ్‌మాస్టరు. 1986 గోదావరి వరదలు, 1996 నవంబరు తుపాను గుర్తున్నవారు ఈ సభలో ఉంటారు. లంకల మీదుగా హెలికాప్టర్లు వచ్చి ఆహార పొట్లాలు వేశాయి. పైకి చూస్తూ అందరం పైలట్‌కు దండం పెట్టుకున్నాం. వైమానిక దళ హెలికాప్టర్లలో నడుముకు తాడు కట్టుకుని తలుపు దగ్గర కూర్చుని, ఏ డాబా మీద మనుషులున్నారో చూసి పొట్లాలు తోసే పని సాధారణంగా ఎయిర్‌మెన్‌దే. పోరాటమంటారా, వైమానిక దళపు ప్రత్యేక దళమైన గరుడ్ కమాండోలలోనూ ఎయిర్‌మెన్ ఉన్నారు. 2017 నవంబరులో కశ్మీరులోని బందిపొరా జిల్లాలో ఉగ్రవాదులతో పోరాడుతూ నేలకొరిగిన జ్యోతి ప్రకాశ్ నిరాలాకు మరుసటి ఏడు గణతంత్ర దినోత్సవాన అశోక చక్ర ఇచ్చారు. ఆయన హోదా కార్పొరల్.

ఇక ఈ కుర్రవాళ్ళకు నేరుగా తగిలే విషయానికి వస్తాను. మేం చేరినప్పటి పద్ధతి ఇప్పుడు లేదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. ఇప్పుడు మీరు చేరేది అగ్నివీర్ వాయుగా, నాలుగేళ్ళకు. ఇది ఏసీ, ఎల్ఏసీల వరసలోది కాదు, విడి హోదా. మొదటి ఏడాది నెలకు 30,000, రెండో ఏడు 33,000, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40,000. ఇందులో 30 శాతం నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. బయటికి వచ్చేటప్పుడు 10 లక్షల పైచిలుకు చేతికి వస్తుంది, దాని మీద ఆదాయపు పన్ను లేదు. పింఛను, గ్రాట్యుటీ కూడా లేవు. నాలుగేళ్ళ తర్వాత ప్రతి బ్యాచ్‌లో 25 శాతం వరకూ రెగ్యులర్‌గా తీసుకుంటారు. వాళ్ళు ఇంకో 15 ఏళ్ళు తక్కువ కాకుండా పనిచేయాలి. అక్కడి నుంచి వాళ్ళకు నేను చెప్పిన నిచ్చెన మొదలవుతుంది.

ఇది మంచిదా చెడ్డదా అని నన్ను వాదనకు దింపకండి, నా అభిప్రాయం నాకుంది. దాన్ని టీ దగ్గర చెబుతాను. ఇక్కడ మాత్రం ఒక తేడా చూపిస్తాను. మాకు పదేళ్ళ పైచిలుకు కాలమే ఎక్కించింది, ఆ తర్వాతే పోటీ. ఆ పదేళ్ళలో మాలో కొందరు చదువుకున్నారు, ట్రేడు నేర్చుకున్నారు. కొందరు క్యారమ్స్ ఆడారు. ఇద్దరికీ సార్జెంటు పట్టీలు వచ్చాయి. తేడా ఆ తర్వాత తెలిసింది. మీకు ఆ వెసులుబాటు లేదు. ఆ పోటీ తలుపు నాలుగో ఏటికే వచ్చి నిలబడింది. మొదటి రోజు నుంచే మీ పని, మీ ప్రవర్తన, మీ పరుగు లెక్కలోకి వస్తున్నాయి. ముందు చేరదాం, తర్వాత చూద్దాం అనుకునేవారికి ఆ తర్వాత అనేది రాదు.

చేరడానికి కావలసినవి త్వరగా చెప్పేస్తాను. సైన్సు వైపు రావాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు ఉండాలి, మొత్తం మీద 50 శాతం, ఇంగ్లీషులో విడిగా 50 శాతం. వేరే గ్రూపులవారికి ఇంకో విభాగం ఉంది. పరీక్ష కంప్యూటర్ మీద, ప్రశ్నలు హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి, తెలుగులో ఉండవు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఆ తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగు, అబ్బాయిలకు 7 నిమిషాలు, అమ్మాయిలకు 8. కాలువ గట్లు ఖాళీగానే ఉన్నాయి, రేపు ఉదయం నుంచే మొదలుపెట్టవచ్చు. పెళ్ళి కాకూడదు, ఆ నాలుగేళ్ళూ చేసుకోకూడదు. మధ్యవర్తులకు విశ్రాంతి. (నవ్వులు)

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఆ అమ్మాయి ముందు.

(ఒక విద్యార్థిని: అమ్మాయిలకు ఎయిర్‌మెన్‌గా అవకాశం ఉందా సార్?)

ఉంది తల్లీ. అధికారులుగా మహిళలు 1990ల నుంచీ ఉన్నారు. కానీ మా వైపు, అంటే అధికారుల కింది శ్రేణుల్లోకి, అగ్నివీర్ పద్ధతి వచ్చాకే అడుగుపెట్టారు. మొదటి మహిళా బృందం 2023లో బెలగావిలో శిక్షణ ముగించింది. నీకంటే ముందు చేరిన అక్కలు ఇంకా నిచ్చెన మొదట్లోనే ఉన్నారు. మహిళా మాస్టర్ వారెంట్ ఆఫీసరును చూడాలని నాకు ఉంది. అప్పటికి నాకెంత వయసు వస్తుందో లెక్క వేయకు.

(ఒక తండ్రి: కింది నుంచి చేరినవాడు అధికారి కాగలడా అండీ?)

కాగలడండీ, రెండు దారులున్నాయి. వయసు, అర్హత ఉన్న ఎయిర్‌మన్ సర్వీసులో ఉండగానే సెలక్షన్ బోర్డు ముందుకు వెళ్ళి, నెగ్గితే శిక్షణకు వెళ్ళి అధికారిగా తిరిగి రావచ్చు. అలా వెళ్ళినవారిని చూశాను. నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకున్నవాడికి రేపు సెల్యూట్ చేయాలి. మొదటి రోజు ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది, వారానికి అలవాటవుతుంది. రెండోది సర్వీసు చివర్లో ఇచ్చే గౌరవ కమిషన్. గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి జాబితాలు వస్తాయి. కొద్దిమంది సీనియర్ వారెంట్ ఆఫీసర్లకు ఆనరరీ ఫ్లయింగ్ ఆఫీసరు, ఆ పైన ఆనరరీ ఫ్లైట్ లెఫ్టినెంటు ఇస్తారు. సచిన్ టెండూల్కర్‌కు 2010లో ఇచ్చిన గ్రూప్ కెప్టెన్ హోదా కూడా గౌరవానికే, కానీ అది వేరు. ఆయన బ్యాటుతో తెచ్చుకున్నారు, మా వాళ్ళు ముప్ఫై ఏళ్ళ పైగా డ్యూటీతో తెచ్చుకుంటారు.

(అదే తండ్రి: నాలుగేళ్ళకు తిప్పి పంపిస్తే ఊళ్ళో మాట పడాలి కదండీ?)

మీరు అడిగింది సరైన ప్రశ్నే. నాలుగింట ముగ్గురు తిరిగి వస్తారు, అది నియమంలోనే రాసి ఉంది. కాబట్టి అది తిరగగొట్టడం కాదు, కాలం పూర్తి కావడం. ఆ మాట ఊళ్ళో మీరే ముందు చెప్పాలి, కుర్రవాడు చేరిన రోజునే చెప్పాలి. పెళ్ళిపందిరి వేసినంత హడావిడి చేసి పంపితే తిరిగి వచ్చిన రోజు వాడికి ముఖం చెల్లదు. ఆ పది లక్షలను ఇల్లు కట్టడానికో, చెల్లెలి పెళ్ళికో ముందే లెక్క వేసి పెట్టకండి. వాడికి అప్పటికి ఇరవై మూడో, ఇరవై నాలుగో. చదువుకో, పనికో ఆ డబ్బు వాడికి కావాలి. రెగ్యులర్‌గా చేసి రిటైరైన మా వాళ్ళకైతే బ్యాంకుల్లో, కేంద్ర ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా ఉంది. ఈ కుర్రవాళ్ళకు అదే కోటా వర్తిస్తుందనుకుని ధీమాగా ఉండకండి. వాళ్ళకు విడిగా ప్రకటించినవి ఉన్నాయి, కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో లాంటివి. ఏవి ఎవరికో చేరేముందే చదివి తెలుసుకోండి.

(ఒక విద్యార్థి: ట్రేడు మనమే ఎంచుకోవచ్చా సార్?)

ఎంచుకోలేవు బాబూ. దళానికి ఏది కావాలో, నీ మార్కులు ఏమిటో చూసి వాళ్ళే ఇస్తారు. వచ్చిన ట్రేడు నచ్చలేదని మొదటి ఏడాదంతా మూతి ముడుచుకుని కూర్చునేవారిని చూశాను. నాకిచ్చిన ఎయిర్‌ఫ్రేమ్ ట్రేడు పేరు నేను ఆ రోజుకు ముందు వినను కూడా లేదు.

ఇంకొక్కరు చాలు. ఆ చివర చెయ్యెత్తి దించేసిన అబ్బాయి. నిన్నే. చొక్కా చెయ్యి ఎందుకు కిందికి లాక్కుంటున్నావు? పచ్చబొట్టు ఉందా? (నవ్వులు) నవ్వకండి, ఇది నిజంగా అడగవలసిన ప్రశ్నే. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపునో, అరచేతి వెనకనో ఉంటే పరిశీలిస్తారు, అప్పుడు కూడా ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఎంపిక చేసేవారి ఇష్టం. భుజం మీద హీరో బొమ్మ వేయించుకుని ఉంటే కుదరదు. సభ అయ్యాక నా దగ్గరకు రా, ఎక్కడుందో చూపించు.